పరిశోధనలో పేషెంటు మాటకు చోటు ఎలా ఇవ్వాలి?

విశాఖలో వైద్య పరిశోధనకు కొదవ లేదు. ఆంధ్రా మెడికల్ కాలేజీలో పీజీల థీసిస్‌లు, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, పెదగంట్యాడ వైపు మెడ్‌టెక్ జోన్‌లో కొత్త పరికరాలు. అయితే మామూలుగా పేషెంటును పిలిచేది చివర్లో, సమ్మతి పత్రం మీద సంతకానికి. ఈలోగా ఏం అడగాలో, ఏం కొలవాలో అన్నీ ఖాయమైపోతాయి. కిడ్నీ జబ్బును ఉదాహరణగా తీసుకుని, వాళ్లను మొదటినుంచీ ఎలా కలుపుకోవాలో చూద్దాం.

ముందుగా, ప్రశ్న ఖాయం కాకముందే అడగండి. మన చూపంతా రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్, ఫాస్ఫరస్ అంకెల మీదే ఉంటుంది. హీమోడయాలసిస్ (మిషన్‌తో రక్తం శుద్ధి చేయడం) పరిశోధనల్లో తప్పక కొలవాల్సినవి ఏమిటని సాంగ్ అనే అంతర్జాతీయ బృందం పేషెంట్లనూ, ఇంటివాళ్లనూ, డాక్టర్లనూ కలిపి అడిగింది. గుండె జబ్బు, ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపిన చోటు) వంటి రక్తనాళ మార్గాల పనితీరు, మరణాలతో పాటు నీరసం కూడా ఆ జాబితాకెక్కింది. డయాలసిస్ అయిన రోజు ఇంటికెళ్లి మంచమెక్కడం ఏ ల్యాబ్ రిపోర్టులోనూ కనబడదు మరి.

ఎవరిని పిలవాలి? "బాగా మాట్లాడే ఇద్దర్ని పంపండి సార్" అనకండి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలోని కొబ్బరి రైతు, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడ, వాళ్లను వెంటబెట్టుకొచ్చే కొడుకో కోడలో కూడా ఉండాలి. వైద్యం చేస్తున్న డాక్టరే అడిగితే, కాదంటే ఏమవుతుందోనని తలూపేస్తారు. వేరే మనిషితో అడిగించండి.

సలహా అడగడం వేరు, రక్తమో కేసు షీటో తీసుకోవడం వేరు. రెండోదానికి ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ) అనుమతి తప్పనిసరి. మొదటిదాని గురించీ ఒక మాట చెప్పి ఉంచండి. 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం కమిటీలో కనీసం 7గురు ఉండాలి, అందులో ఒకరైనా వైద్యరంగంతో సంబంధం లేని మామూలు మనిషి. ఆ సభ్యుడి ప్రశ్నలకు చిరాకుపడకండి, రేపు పేషెంట్లు అడిగేవీ అవే.

ఇక మీటింగ్. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. డయాలసిస్ సాధారణంగా వారానికి 2, 3 సార్లు, ఒక్కోసారి దాదాపు 4 గంటలు. ఆ రోజు పిలవొద్దు. రైలు ఛార్జీలు, పోయిన కూలి అదే రోజు చేతిలో పెట్టండి. "అకౌంట్ నంబర్ రాసి వెళ్లండి, తర్వాత వేస్తాం" అంటే రెండోసారి రారు. ఎండనపడి వచ్చారు కదా అని కొబ్బరినీళ్లు ఇవ్వబోకండి. పొటాషియం ఎక్కువ, వాళ్లకు ప్రమాదం. మంచినీళ్లు కూడా కొలత ప్రకారమే తాగుతారు, అడిగి ఇవ్వండి.

పరికరమైతే బల్లమీద పెట్టి ఉపన్యాసం ఇవ్వకుండా చేతికివ్వండి. ఇంట్లో వాడే బీపీ మిషన్ అనుకుందాం. బొమ్మలో పట్టీ ఎడమచేతికి ఉంటుంది. చాలామంది డయాలసిస్ పేషెంట్లకు ఫిస్టులా ఉండేదీ ఆ చేతికే, దానికి బీపీ చూడకూడదు. ఇంజినీరుకు తట్టని ఈ సంగతి "ఈ చెయ్యి కాదు బాబూ" అని పెద్దాయన నిమిషంలో చెప్పేస్తాడు. సమర్థించుకోకుండా రాసుకోండి.

సమాచార పత్రం తెలుగులో తయారుచేసి, వాళ్ల ముందు చదవండి. "అర్థమైందా?" అంటే అందరూ అయిందనే అంటారు. "ఇంటికెళ్లి దీన్ని ఎలా చెబుతారు?" అని అడగండి. వాళ్లు తడబడ్డ చోట మీ వాక్యం మార్చండి. చదువురానివాళ్ల సమ్మతి తీసుకునేటప్పుడు పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి, అది నిబంధనే.

చివరిది ఫలితం. "రక్తం తీసుకెళ్లారు, ఏం తేలిందో చెప్పలేదు" అనే మాట మీ మీద రానివ్వకండి. ఏమీ తేలకపోతే ఆ సంగతే వెళ్లి చెప్పండి. క్లినికల్ ట్రయల్ (మందునో పరికరాన్నో మనుషుల మీద పరీక్షించడం) అయితే సీటీఆర్‌ఐలో, అంటే మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీలో, నమోదు 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. ఆ నంబరు వాళ్లకివ్వండి, ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. పేపరులో కృతజ్ఞతల దగ్గర పేర్లు వేసేముందు మాత్రం ఒక్కొక్కరినీ విడిగా అడగండి. పెళ్లి కావలసిన పిల్లలున్న ఇళ్లలో జబ్బు సంగతి బయటపడటం ఇష్టం ఉండకపోవచ్చు.