ఆషాఢం గాలికి ముందు రిబ్బన్ మైకు జాగ్రత్తలు

అనంతపురం వైపు ఆషాఢం గాలి లేచిందంటే స్టీరియో రిబ్బన్ మైకు ఆరుబయట పెట్టే ఆలోచన మానుకోండి. లోపల రిబ్బన్‌గా ఉండేది రెండు మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మందం అల్యూమినియం రేకు. గాలి విసురుకు సాగిందంటే మళ్లీ బిగుసుకోదు. నురుగు టోపీ పాడేవాళ్ల ఊపిరిని కొంత ఆపుతుంది గానీ ఈ గాలి ముందు నిలవదు. గదిలోనే చేయండి. ఫ్యాన్లు ఆపి, తలుపులకు గడియ పెట్టండి. ఢామ్మని పడే తలుపు కూడా గదిలో గాలిని ఒక్కసారిగా నెడుతుంది. మైకు కనబడగానే ఉఫ్ మని ఊది చూసే అలవాటు మనలో చాలామందికి ఉంది, ముందే చెప్పి ఉంచండి.

ఇందులో ఒకదానిమీద ఒకటిగా రెండు రిబ్బన్లుంటాయి. ఒకటి ఎడమకు 45 డిగ్రీలు, రెండోది కుడికి 45 డిగ్రీలు తిరిగి ఉంటాయి. 1931లో బ్రిటన్‌లో అలన్ బ్లూమ్‌లైన్ పేటెంటుకు పెట్టిన పద్ధతే ఇది. ప్రతి రిబ్బనుకూ ముందూ వెనకా ఒకేలా వినబడుతుంది. చిక్కంతా రెండు పక్కలతోనే. అక్కడి శబ్దాన్ని ఒక రిబ్బను ముందునుంచి, ఇంకొకటి వెనకనుంచి అందుకుంటాయి, ఫేజు (శబ్ద తరంగం ఎగుడుదిగుడుల వరస) ఎదురుబొదురవుతుంది. ఇయర్‌ఫోన్లో విశాలంగా ఉన్నట్టే ఉంటుంది, ఒకే స్పీకరున్న ఫోనులో రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమవుతుంది.

కాబట్టి చెక్కభజన బృందాన్ని మైకు చుట్టూ గుండ్రంగా నిలబెట్టొద్దు. ముందొక వరస, వెనకొక వరస, ఎదురెదురుగా. వరస 12 అడుగులుంటే మైకు 6 అడుగుల్లో చివరివాళ్లు సరిగ్గా ముందుభాగం, పక్కభాగం కలిసే అంచుమీద పడతారు. 8, 9 అడుగులు నయం. వెనక వరసకు కుడి ఎడమలు తారుమారవుతాయని గుర్తుంచుకోండి. ఉరుము వాద్యం, డప్పు 8 అడుగులకు దగ్గరగా వద్దు. దెబ్బ రేకుకు సూటిగా తగలకుండా మైకును కొంచెం వంచండి.

ఒక్కరే పాడితే మూడడుగులు, నుదుటి ఎత్తులో పెట్టి కాస్త కిందికి వంచితే ఊపిరి మైకు కిందుగా పోతుంది. మరీ దగ్గరికొస్తే గొంతు మందంగా, బరువుగా వస్తుంది. వేణువుకు ఊపిరి తగలని పైఎత్తు చూసుకోండి.

కడప బండల నేల, సున్నం గోడ ఉంటే శబ్దం తిరిగొచ్చి వెనకనుంచి దూరుతుంది. నేలమీద జంపఖానా పరచండి, వెనక గోడకు బొంత వేలాడదీసి, మైకును ఆ గోడకు కనీసం ఆరడుగుల దూరంలో ఉంచండి.

మొదలుపెట్టే ముందు ఒకరిని సరిగ్గా మధ్యలో నిలబెట్టి మాట్లాడించి, రెండు చానెళ్ల గెయిన్ (సిగ్నలును పెంచే మోతాదు) సమానం చేయండి. రెండింటినీ మోనోలో (ఒకే చానెలుగా) కలిపి ఒకదాని పొలారిటీ తిప్పితే, అంటే తరంగాన్ని తలకిందులు చేస్తే, గొంతు దాదాపు మాయమవ్వాలి. అవకపోతే గెయినో, మనిషి నిలబడ్డ చోటో సరిగా లేదు.

పాసివ్ మైకయితే (లోపల ఆంపు లేనిది) మిక్సరు నుంచి మైకుకు వెళ్లే 48 వోల్టులు ఆపి, ఒక నిమిషం ఆగాకే కేబులు తగిలించండి. కేబులు చెడిపోయి వోల్టేజీ ఒక పక్కే అందితే రేకు సాగొచ్చు, తెగొచ్చు. మల్టీమీటరుతో పరీక్షించొద్దు. తంబురా లాంటి మెల్లని శబ్దానికి 60, 70 డీబీ (డెసిబెల్) గెయిన్ కావాలి, ప్రీఆంపు (మైకు సిగ్నలును ముందుగా పెంచే పరికరం) మంచిదై ఉండాలి. జనరేటరు, ఆంప్లిఫయరు దూరంగా పెట్టకపోతే హమ్ (గుయ్‌మనే శబ్దం) వస్తుంది.

చోటు మార్చేటప్పుడు గుడ్డసంచి తొడగండి. దాన్ని ఒక్క ఊపున లాగితే లోపలి గాలి రేకును కొడుతుంది, నెమ్మదిగా తీయండి. వెల్డింగ్ షాపు పక్కన తెరవొద్దు, మైకులోని అయస్కాంతం ఇనుప రజను లాగేసుకుంటుంది. దాచేటప్పుడు నిలువుగానే ఉంచండి. పడుకోబెట్టి ఉంచితే రేకు బరువుకు వంగుతుంది.