హుక్ సోదరుల ఆర్గన్ ఏ కాలం నాటిదో తేల్చుకోవడం ఎలా

ఎలియాస్ హుక్, జార్జ్ గ్రీన్‌లీఫ్ హుక్ అనే అన్నదమ్ములు అమెరికాలోని సేలంలో ఒక వడ్రంగి ఇంట పుట్టి, విలియం గుడ్‌రిచ్ దగ్గర పైప్ ఆర్గన్ల (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే కీబోర్డు వాద్యాల) తయారీ నేర్చుకుని, 1827లో సొంత వ్యాపారం ప్రారంభించారు. బోస్టన్‌లో స్థిరపడిన ఆ సంస్థ 1935లో మూతపడేలోగా 2,500కు పైగా ఆర్గన్లను తయారుచేసింది. వాటిలో ఒకటి మీకు కనిపిస్తే, మొదట కీబోర్డు పైభాగంలో ఉండే పేరు పలకను చూడండి.

పలక మీద ‘ఇ. అండ్ జి. జి. హుక్’ అని మాత్రమే ఉంటే ఆ వాద్యం 1870ల ఆరంభానికి ముందుదై ఉండాలి. 1855లో సంస్థలో చేరిన ఫ్రాన్సిస్ హేస్టింగ్స్ భాగస్వామి అయ్యాక ఆ పేరు చివర ‘అండ్ హేస్టింగ్స్’ చేరింది. బోస్టన్ హోలీ క్రాస్ కెథెడ్రల్‌లోని 1875 నాటి ఆర్గన్ ఈ దశకు చెందినదే. జార్జ్ 1880లో, ఎలియాస్ 1881లో మరణించిన తరువాత ‘హుక్ అండ్ హేస్టింగ్స్’ మిగిలింది.

అయితే పలక మాటనే తుదితీర్పుగా తీసుకోకూడదు. కన్సోల్‌ను, అంటే కీబోర్డులుండే, వాయించేవారు కూర్చునే భాగాన్ని, మార్చినవారు పాత పలకను కొత్తదానికి బిగించి ఉండవచ్చు, పాత చెక్క పెట్టెలో పూర్తిగా వేరే వాద్యాన్నే అమర్చి ఉండవచ్చు. కాబట్టి చర్చి అనుమతితో, గాలి సరఫరా ఆపించి, ఆర్గన్ను చూసుకునే నిపుణుడి సమక్షంలో లోపలికి చూడండి. కీబోర్డు మీటనుంచి, గొట్టాలకు గాలి అందించే గాలిపెట్టె దాకా సన్నని చెక్క బద్దీలు సాగి ఉంటే అది పాత యాంత్రిక పద్ధతి. 1860 నాటి ఆర్గన్లో వాటి స్థానంలో విద్యుత్ తీగలు కనిపిస్తే అవి తప్పకుండా తరువాతి మార్పే. లోహపు గొట్టాల మీద స్వరం పేరు, స్టాప్ (ఒకే రకం ధ్వనినిచ్చే గొట్టాల వరుస) పేరు గీసి ఉండడం కద్దు. ఒకే వరుసలో అక్షరాల తీరు ఒకచోట ఉన్నట్టుండి మారితే, ఆ గొట్టాలు ఎక్కడినుంచో వచ్చి చేరాయని అనుమానించవచ్చు. నా దృష్టిలో పలక కన్నా ఈ గీతలే నమ్మదగిన సాక్ష్యం. గొట్టాలను మాత్రం చేత్తో తాకవద్దు. తగరం, సీసం కలిపిన ఆ లోహం మెత్తనిది, పైగా అరచేతి వేడికే శ్రుతి కాసేపు మారిపోతుంది.

చివరిగా, సంస్థ తన ఆర్గన్లకు వరుసగా ఇచ్చిన ఓపస్ సంఖ్య ఎక్కడైనా దొరికితే, దానిని సంస్థ జాబితాతో పోల్చి ఊరు, చర్చి, కీబోర్డుల లెక్క సరిపోతున్నాయో లేదో చూడండి. ఊరు కలవనంత మాత్రాన సంఖ్య తప్పని తోసిపుచ్చవద్దు. మసాచుసెట్స్‌లోని వూబర్న్ యూనిటేరియన్ చర్చి కోసం 1870లో చేసిన ఓపస్ 553 ఇప్పుడు బెర్లిన్‌లోని ఒక చర్చిలో మోగుతోంది. అందువల్ల ఊరు సరిపోనప్పుడు కీబోర్డుల లెక్కకూ స్టాప్‌ల లెక్కకూ ఎక్కువ విలువ ఇచ్చి, చర్చి పాత లెక్కల పుస్తకాలలో ఆర్గన్ కొనుగోలు గురించి గానీ, దానిని మరోచోటినుంచి తెచ్చిన ఖర్చు గురించి గానీ రాసి ఉందేమో వెతకండి.