డాక్సీసైక్లిన్ వేసుకునే పద్ధతి

డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు సాధారణ మోతాదులో బ్యాక్టీరియాను నేరుగా చంపదు. వాటిలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లకు అతుక్కుని, బ్యాక్టీరియా సంఖ్య పెరగకుండా నిలువరిస్తుంది, మిగిలిన పనిని మన రోగనిరోధక శక్తి పూర్తి చేస్తుంది. కనుక జ్వరం తగ్గిందని మధ్యలో మానేయకుండా, వైద్యులు చెప్పినన్ని రోజులూ వేళ తప్పకుండా వేసుకోవాలి.

మాత్రను నిండు గ్లాసు నీళ్లతో మింగి, కనీసం అరగంట నిటారుగా కూర్చోవాలి. చాలామంది తేలిగ్గా తీసుకునే జాగ్రత్త ఇదే గానీ, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే: గుక్కెడు నీటితో మింగి వెంటనే పడుకుంటే మాత్ర అన్నవాహిక గోడకు అతుక్కుని, అక్కడే కరిగి పుండు చేయవచ్చు; అప్పుడు మంచినీళ్లు మింగినా గుండెల్లో మంట పుడుతుంది.

ఐరన్, కాల్షియం మాత్రలు, యాంటాసిడ్లు ఈ మందును ఒంటికి పట్టనివ్వవు కాబట్టి కొన్ని గంటల ఎడం పాటించాలి. ఈ మందు వాడేటప్పుడు ఎండకు చర్మం త్వరగా కందుతుంది. గర్భిణులు ఆ సంగతి వైద్యులకు ముందే చెప్పాలి.