కుటుంబ ప్రార్థన ఎలా పెట్టుకోవాలి? పాట కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది

మా క్రైస్తవ సంఘం స్త్రీల సమాజం తరఫున పాలమూరులో, చుట్టుపక్కల ఊళ్లలో ఇరవై ఏళ్లకు పైగా ఇండ్లు తిరుగుతున్నాను. ఎక్కడికి పోయినా వినిపించే మాట ఇది: "అక్కా, కుటుంబ ప్రార్థన మొదలుపెట్టినం, పది రోజులు మంచిగనే నడిచింది, తర్వాత ఆగిపోయింది." ఎందుకాగిందమ్మా అంటే టైం దొరకట్లేదంటారు. టీవీ సీరియల్‌కు దొరికే టైం దీనికెందుకు దొరకదు? అసలు సంగతి వేరు. పగలంతా ఒకరి మీద ఒకరు పళ్లు నూరుకుని, రాత్రి పక్కపక్కన కూర్చుని "స్తోత్రం" అనడం ఎవరికీ చేతకాదు. పిల్లలకు అసలే చేతకాదు. నాలుగు రోజులు ఓర్చుకుంటారు, ఐదో రోజు హోంవర్క్ ఉందంటారు.

నేను చేసే పద్ధతి చెప్తాను. వేరే పద్ధతులు కూడా చూశాను. నిలబడేది ఇదే.

సామాను, సమయం

ఒక చాప, ఒక బైబిలు, ఒక కీర్తనల (పాటల) పుస్తకం. అంతే. సోఫాలు, కుర్చీలు వద్దు. సోఫా ఉన్న ఇంట్లో ఇంటాయన సోఫాలో కూర్చుంటాడు, మిగతావాళ్లు కింద కూర్చుంటారు, ప్రార్థన కాస్తా పంచాయితీ అవుతుంది. మోకాళ్ల నొప్పులున్న అవ్వకు, తాతకు మాత్రం కుర్చీ వేయండి. బైబిలు పుస్తకమే ఉండాలి, ఫోన్‌లోది కాదు. వాక్యం చదువుతుంటే పైనుంచి కరెంటు బిల్లు మెసేజ్ జారుతుంది, కళ్లు అటే పోతాయి.

టైం రాత్రి అన్నానికి ముందు. తిన్నాక పెడితే నిద్రొస్తుంది. తెల్లవారుజామునే చేయాలని పట్టుబట్టే పెద్దలున్నారు. మా నాయన అట్లనే అయిదింటికి లేపేవాడు, నేను మోకాళ్ల మీదే నిద్రపోయేదాన్ని. ఇరవై నిమిషాలు చాలు. అన్నం వండి దించిపెట్టి కూర్చుంటే ఆకలే టైం చూసుకుంటుంది, ఎవరూ సాగదీయరు.

కొడుకో కూతురో ముంబైకో పుణెకో పనికి పోయి ఉంటే ఫోన్ స్పీకర్ పెట్టి చాప నడుమ ఉంచండి. వలస పోయినవాళ్లు లేని వాడ మా దగ్గర అరుదు. ఇప్పుడే కదా ఫోన్ వద్దన్నావు అంటారేమో. వద్దన్నది చదవడానికి. మనిషిని పిలవడానికి కాదు.

పాట కంటే ముందు

అందరూ కూర్చున్నారు. ఇక్కడే చాలామంది నేరుగా పాట ఎత్తుకుంటారు. ఆగండి.

మత్తయి సువార్త 5వ అధ్యాయం 23, 24 వచనాలు ఒకసారి తీసి చూడండి. అర్పణ తెచ్చినవాడికి బలిపీఠం దగ్గర తన సహోదరుని సంగతి గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచిపెట్టి, పోయి సమాధానపడి, అంటే రాజీ చేసుకుని, రమ్మంటున్నాడు యేసు. అందులో చాలామంది దాటేసే మాట ఒకటుంది. నీకు ఎవరి మీద కోపముందో చూసుకోమనలేదు. నీ మీద ఎవరికి కోపముందో చూసుకోమన్నాడు. పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం 7వ వచనం ఇంకా సూటిగా ఉంటుంది: భార్యను సన్మానించని భర్త ప్రార్థనలకే అడ్డం పడుతుంది. ఈ వచనాన్ని మగవాళ్లు ప్రసంగించగా నేను విన్నది తక్కువే, సరే.

కాబట్టి పాటకు ముందు అయిదు నిమిషాలు, ఆ రోజు ఇంట్లో ఎవరిని నొప్పించామో వాళ్ల ముఖం చూసి ఒప్పుకోవాలి. రాయడానికి ఒక్క లైను. చేయడానికి నాకు ఏళ్లు పట్టింది.

నాది టైలరింగ్. ఒకసారి పెళ్లిళ్ల సీజన్‌లో మిషన్ డ్రాయర్‌లో పెట్టిన 500 నోటు కనపడలేదు. మా చిన్నోడు అప్పుడు తొమ్మిదో తరగతి. వాకిట్లో నిలబెట్టి, "దొంగ బుద్ధి ఎక్కడ నేర్చినవ్ రా" అని వాడకట్టంతా వినేటట్టు అరిచాను. సాయంత్రం ఒకామె బ్లౌజు కోసం వస్తే కొలతల పుస్తకం తీశాను. నోటు అందులోనే ఉంది, నేనే పెట్టి మరిచిపోయాను. చప్పుడు కాకుండా తీసి డ్రాయర్‌లో వేశాను. ఆ రాత్రి చాప మీద కూర్చుని, "ప్రభువా, తెలిసీ తెలియక చేసిన తప్పులన్నీ క్షమించు" అని మంచి గొంతుతో ప్రార్థన చేశాను. అందరూ ఆమేన్ అన్నారు. వాడు అనలేదు. తల వంచుకుని గోటితో చాప పుల్ల ఒకటి పీకుతూ కూర్చున్నాడు.

మూడు రోజులు వాడు పెన్నుకు కూడా డబ్బులడగలేదు. నాలుగో రోజు పాటకు ముందు చెప్పాను. "నోటు కొలతల పుస్తకంలో దొరికింది. ఆ రోజే దొరికింది. నిన్ను దొంగ అన్నాను, దొరికినాక దాచిపెట్టాను. తప్పు నాదే కొడుకా." వాడు తలెత్తకుండానే, "నాకెర్కనే అమ్మా. నువ్వు డ్రాయర్ల వేస్తుంటే చూసిన" అన్నాడు.

నాలుగు రోజులు వాడికి తెలుసు. వాడు నా ప్రార్థనలు వింటూనే ఉన్నాడు. ఆ తర్వాత నేను పెట్టుకున్న నియమాలు ఇవి, ఒక్కదాన్ని కూడా వదలొద్దు.

మనిషితో చెప్పాల్సింది దేవునితో చెప్పి తప్పించుకోవద్దు. కళ్లు మూసుకుంటే ధైర్యం ఎక్కువొస్తుంది, అందుకే కళ్లు తెరిచే చెప్పాలి. "నేనేమన్నా తప్పు చేసుంటే క్షమించు" అనడం క్షమాపణ కాదు. చేశావో లేదో నీకు తెలుసు. ఏం చేశావో పేరు పెట్టి చెప్పు: అరిచాను, అబద్ధమాడాను, నీ ఫోన్ తీసి చూశాను. ఇక "కానీ" అనే మాట. "నేను అరిచింది తప్పే, కానీ నువ్వు కూడా..." అన్నారంటే కొత్త లొల్లి మొదలైనట్టే, ఆ రోజుకు చాప చుట్టేయొచ్చు.

చెప్పాక జవాబు కోసం ముఖంలోకి చూస్తూ కూర్చోవద్దు. "క్షమించినవా లేదా చెప్పు" అని పిల్లలను నిలదీసే తల్లులను చూశాను. అదొక రకం వసూలు. వాళ్లకు నాలుగు రోజులు పడితే పట్టనివ్వండి. అవమానం ఎంతమంది ముందు జరిగిందో ఒప్పుకోవడం కూడా అంతమంది ముందే జరగాలి. నేను వాకిట్లో అరిచాను కాబట్టి, విన్న ముగ్గురు పక్కింటోళ్లకు మరునాడు నేనే పోయి చెప్పాను, నోటు నా దగ్గరే ఉండెనని. ముఖం మాడిపోయింది. డబ్బు సంగతైతే నోటి మాట చాలదు. లూకా 19వ అధ్యాయంలో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. నాలుగింతలు కాకపోయినా తీసుకున్నదన్నా ఇయ్యాలి.

పెద్దలే ముందు మొదలుపెట్టాలి. ఇది నేను చెప్పగా విని ఒకాయన ఇంట్లో పెట్టాడు. తానొక్క మాట ఒప్పుకోకుండా పిల్లలిద్దరినీ వరసగా నిలబెట్టి, "చెప్పండి, ఇవాళ ఏం తప్పు చేసినరు" అని అడిగాడు. వారం తిరక్కుండా ఆ పిల్లలు ప్రార్థన వేళకు ట్యూషన్ పెట్టుకున్నారు. ఏమీ లేని రోజు ఏమీ చెప్పొద్దు, తప్పులు వెతికి తెచ్చే పని లేదు.

ఒక్క చోట మాత్రం ఈ పద్ధతి పెట్టొద్దు. తాగొచ్చి కొట్టే ఇంట్లో దెబ్బలు తిన్నామెను కూర్చోబెట్టి సమాధానపడమనడం పాపం. సర్దుకుపొమ్మని చెప్పే పెద్దలు సంఘాల్లోనూ ఉన్నారు, నేను వాళ్లతో కొట్లాడాను కూడా. ముందు ఆమె ప్రాణం. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, పుట్టింటికి తీసుకుపొండి. చాప సంగతి తర్వాత.

ఈ మాట చెప్తే కొందరు, "ఇది మన సంఘం పద్ధతి కాదక్కా, కొత్తగా పెడుతున్నవ్" అంటారు. నవ్వొస్తుంది. 19వ శతాబ్దం చివర్లో రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ అనే మిషనరీ నల్లగొండకు వచ్చి పని చేశాడు. ఆ తర్వాత దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల దాకా లేచిన మన మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాల మూలం ఏంది? మెన్నోనైట్లంటేనే శత్రువు మీద కూడా కత్తి ఎత్తబోమని యుద్ధాలకు పోకుండా నిలబడ్డవాళ్లు. అంత పెద్ద శాంతి పేరు బోర్డు మీద రాసుకుని, అత్తాకోడళ్లు ఒకే వంటింట్లో రెండు స్టవ్‌లు పెట్టుకుంటే ఎట్లా?

మిగతాది సులువు

పాట ఒకటి, అందరికీ వచ్చింది. కొత్త పాట నేర్పడం ఆదివారం పని.

వాక్యం మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలు, రోజుకు సగం చొప్పున దాదాపు నెలలో అయిపోతుంది. బైబిలు మొదటి పుస్తకం ఆదికాండంతో మొదలుపెట్టినవాళ్లు మూడోదైన లేవీయకాండం దగ్గర ఆగిపోతారు, నేను చూస్తూనే ఉన్నాను. బైబిల్లో 176 వచనాలున్న 119వ కీర్తనను ఒక్క రాత్రిలో చదివించి పిల్లలను భయపెట్టినవాళ్లు కూడా ఉన్నారు. చదవడం రానివాళ్లను పక్కన పెట్టొద్దు. మా అవ్వకు అక్షరం రాదు, కీర్తనలు మాత్రం పుస్తకం చూడకుండా చివరి చరణం దాకా పాడేది. అట్లాంటివాళ్లతో కంఠతా వచ్చిన వచనం చెప్పించండి. చదివాక ప్రసంగం వద్దు. "ఇందులో నీకేం గుర్తుంది" అని ఒక్క ప్రశ్న అడగండి, చాలు.

ప్రార్థన తలా రెండు మాటలు. ఎవరినీ దెప్పొద్దు. "ప్రభువా, ఈ ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్లకు బుద్ధి దయచేయి" అని తండ్రి అంటే అది ప్రార్థన కాదు, దేవుణ్ణి అడ్డం పెట్టుకుని తిట్టడం. కోడలు హిందువుల ఇంటి నుంచి వచ్చి ఉంటే మోకరించమని బలవంతపెట్టొద్దు. వచ్చి కూర్చుంటే చాపలో చోటివ్వండి, కూర్చోకపోతే ఆమె పని ఆమె చేసుకోనివ్వండి.

చివరగా ఇంటి బయటి మనిషి ఒకరి కోసం ప్రార్థించండి, రేపు ఆ మనిషికి మీరు ఏం చేస్తారో అక్కడే తేల్చుకోండి. పక్కింటి ముసలాయనకు బీపీ గోలీలు అయిపోతే, గోలీల కోసం ప్రార్థన ఎందుకు? పోయి తెచ్చేదెవరో పేరు చెప్పాలి. మరునాడు రాత్రి పాటకు ముందు ఆ పని అయిందా లేదా అడగాలి. కాకపోతే అది కూడా ఒప్పుకోవాల్సిన లెక్కలోకే వస్తుంది.

ఆమేన్ అన్నాక కొసరు మాటలు వద్దు, అన్నం చల్లారిపోతుంది. మా ఇంట్లో చాప చుట్టి తలుపు వెనక ఆనించే పని చిన్నోడిదే. పుల్ల పీకిన చోట వేలు పట్టేంత సందు ఇంకా అట్లనే ఉంది. కొత్త చాప కొందామంటే వాడే వద్దంటాడు.