విమానం స్పార్క్ ప్లగ్‌లను ఎన్ని గంటలకోసారి శుభ్రం చేయాలి? ఎలా పరీక్షించాలి?

బండి స్టార్ట్ కాకపోతే ప్లగ్ విప్పి, ఉప్పు కాగితంతో నాలుగుసార్లు రుద్ది, నోటితో ఊది మళ్లీ బిగించడం మనలో చాలామందికి అలవాటే. విమానం ప్లగ్ దగ్గర ఆ అలవాటు పనికిరాదు. సెస్నా 172 లాంటి చిన్న విమానంలో నాలుగు సిలిండర్లు ఉంటాయి. ఒక్కోదానికి పైన ఒకటి, కింద ఒకటి చొప్పున మొత్తం ఎనిమిది ప్లగ్‌లు. వాటికి రెండు మాగ్నెటోలు, అంటే ఇంజన్ తిరిగితే చాలు కరెంటు పుట్టించే పరికరాలు, విడివిడిగా కరెంటు ఇస్తాయి. గాలిలో ఒకటి ఆగిపోయినా రెండోది ఇంజన్‌ని నడిపిస్తుందన్న ధైర్యం కోసమే ఈ ఏర్పాటు. ఎనిమిదీ బాగుంటేనే ఆ ధైర్యానికి అర్థం.

ముందు ఈ పని ఎవరు చేయవచ్చో చూద్దాం. అమెరికాలో అయితే, విమానాన్ని వాణిజ్య రవాణాకు వాడనంతవరకు, లైసెన్సు ఉన్న పైలట్ తన సొంత విమానం ప్లగ్‌లను తానే శుభ్రం చేసి గ్యాప్ (నిప్పురవ్వ దూకే ఎలక్ట్రోడ్ల మధ్య ఎడం) సరిచేసుకోవచ్చు. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనల్లో పార్ట్ 43 దీనికి అనుమతిస్తుంది. మన దేశంలో ఫ్లయింగ్ స్కూల్ విమానాల మీద పని లైసెన్సు ఉన్న ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజనీరు) చేతుల మీదుగానే జరగాలి. అయినా శిక్షణ కోసం అమెరికా వెళ్లే మన పిల్లలకూ, ఏఎంఈ చదివేవాళ్లకూ ఈ పద్ధతి తెలిసి ఉండాలి.

ఎన్ని గంటలకోసారి?

సాధారణంగా అందరూ పాటించే లెక్క 100 గంటలు. నా దృష్టిలో అది గరిష్ఠ పరిమితి మాత్రమే. విమానం ఎలా ఎగిరిందన్నదే అసలు లెక్క. ఈ విమానాలు వాడే 100ఎల్ఎల్ పెట్రోల్‌లో సీసం ఉంటుంది. ఆ సీసాన్ని పొగతోపాటు బయటికి పంపే రసాయనం కూడా అందులోనే కలుపుతారు. కానీ ప్లగ్ కొన తగినంత వేడెక్కితేనే అది పనిచేస్తుంది. ట్యాక్సీ వేలో తక్కువ ఆర్‌పీఎంతో, రిచ్ మిక్స్చర్‌తో (గాలిలో పెట్రోల్ పాలు ఎక్కువగా) ఎక్కువసేపు నిలబడే శిక్షణ విమానంలో ఆ వేడి చాలదు. సీసం గట్టిపడి చిన్న చిన్న గుళికలుగా ప్లగ్ నోట్లో పేరుకుంటుంది. అందుకే శిక్షణ విమానాలకు 50 గంటలకోసారి, ఆయిల్ మార్చేటప్పుడే, కనీసం కింది ప్లగ్‌లనైనా విప్పి చూడాలి. దూర ప్రయాణాలు చేసే విమానానికి 100 గంటలు సరిపోతాయి. ఏడాదిలో 40 గంటలు కూడా ఎగరని విమానమైతే, గంటలతో పని లేకుండా వార్షిక తనిఖీలో తప్పక విప్పాలి.

వీటి మధ్యలో రన్-అప్‌లో, అంటే ఎగిరే ముందు నేల మీద చేసే ఇంజన్ పరీక్షలో, మాగ్నెటో డ్రాప్ (ఒక్క మాగ్నెటోతోనే నడిపినప్పుడు తగ్గే ఆర్‌పీఎం) పరిమితి దాటినా, ఇంజన్ కొట్టుకున్నట్టు నడిచినా గంటల లెక్క పక్కన పెట్టేయండి. సెస్నా 172ఎస్‌లో 1800 ఆర్‌పీఎం దగ్గర డ్రాప్ 150 దాటకూడదు, రెండు మాగ్నెటోల మధ్య తేడా 50 దాటకూడదు. 2000 ఆర్‌పీఎం దగ్గర మిక్స్చర్ లీన్ చేసి (పెట్రోల్ పాలు తగ్గించి) అర నిమిషమో నిమిషమో నడిపితే కొన్నిసార్లు సీసం కాలిపోతుంది. మళ్లీ పరీక్షించినా సరికాకపోతే వెనక్కి హ్యాంగర్‌కే.

విప్పడం

ఇంజన్ చల్లారనివ్వండి. తాళం తీసి జేబులో వేసుకోండి. తాళం తీశాం కదా అని ప్రొపెల్లర్‌ని తిప్పకండి: మాగ్నెటోకి బ్యాటరీ అక్కర్లేదు, దాని గ్రౌండ్ వైరు తెగి ఉంటే చేత్తో తిప్పినా ఇంజన్ అందుకోవచ్చు.

కేబుల్ నట్ వదులు చేసేటప్పుడు కేబుల్‌ని మెలి తిరగకుండా పట్టుకుని, తిన్నగా బయటికి లాగండి. తర్వాత 7/8 అంగుళాల డీప్ సాకెట్‌ని ప్లగ్ మీద నిటారుగా పెట్టి విప్పండి. సాకెట్ ఓరగా పడితే లోపలి పింగాణీ పగులుతుంది. చేయి జారి ప్లగ్ నేల మీద పడిందా, పైకి బాగానే కనిపించినా చెత్తబుట్టలో వేయండి. లోపలి పగులు కంటికి కనిపించదు.

తీసిన ప్రతి ప్లగ్‌ని ట్రేలో దాని అంకె ప్రకారం, పైదా కిందదా అని గుర్తు రాసి పెట్టండి. చిన్న విమానాల ఇంజన్లు చేసే కంపెనీల్లో, లైకమింగ్ ఇంజన్‌లో సిలిండర్ల అంకెలు ప్రొపెల్లర్ వైపు నుంచి మొదలవుతాయి, కాంటినెంటల్‌లో వెనక నుంచి. ఈ వరుస కలిసిపోతే పనిలో సగం వృథా. ఎందుకంటే సిలిండర్ లోపల ఏం జరుగుతోందో ప్లగ్ చూసే తెలుస్తుంది.

చదవడం

తొందరపడి శుభ్రం చేయకండి, మురికిని ముందు చూడండి. బూడిద, గోధుమ రంగులు కలిసి పొడిగా ఉంటే అంతా క్షేమం. పొడి నల్లటి మసి ఉంటే మిక్స్చర్ రిచ్‌గా ఉంది. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది. ఆయిలూ సీసమూ కిందికే దిగుతాయి కాబట్టి కింది ప్లగ్ కొంచెం మురికిగా ఉండడం మామూలే. అదే సిలిండర్‌లో పై ప్లగ్ కూడా తడిగా ఉంటే రింగులు, వాల్వ్ గైడ్ల సంగతి చూడాలి. కొన దగ్గర పింగాణీ పగిలినా, ఎలక్ట్రోడ్ కరిగినట్టున్నా కొత్త ప్లగ్ పెట్టి ఊరుకోవద్దు. అది డిటొనేషన్ (సిలిండర్‌లో ఇంధనం ఒక్కసారిగా పేలినట్టు మండడం) గుర్తు కావచ్చు, సిలిండర్‌ని బోరోస్కోప్‌తో, అంటే లోపలికి దూర్చి చూసే సన్నటి కెమెరాతో, చూడాల్సిందే.

మధ్య ఎలక్ట్రోడ్ అరిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. మొదటి మందంలో సగానికి వచ్చిన ప్లగ్ మళ్లీ ఇంజన్‌లోకి పోకూడదు. మీటరుతో రెసిస్టెన్స్ కూడా కొలవండి. 5000 ఓమ్‌లు దాటితే పక్కన పెట్టేయమని ప్లగ్‌లు తయారుచేసే టెంపెస్ట్ కంపెనీ చెబుతుంది.

శుభ్రం చేయడం, గ్యాప్

సీసం గుళికలను వైబ్రేటర్ టూల్‌తో, లేదంటే సన్నటి మొనతో ఓపికగా తవ్వి తీయాలి. తర్వాత కావాలంటే అబ్రేసివ్ బ్లాస్టింగ్, అదీ కొద్ది సెకన్లే. ఎక్కువసేపు చేస్తే ఎలక్ట్రోడే అరుగుతుంది. కొన మీద మోటారు వైర్ బ్రష్ వాడకండి. లోహపు పొడి పింగాణీకి అంటుకుని కరెంటుకి అడ్డదారి ఇస్తుంది. ఇరిడియం ఫైన్ వైర్ ప్లగ్‌లైతే ఇంకా సున్నితం, వైబ్రేటర్ ఎలక్ట్రోడ్‌కి తగలనివ్వకండి. కేబుల్ పెట్టే వైపు పింగాణీని అసిటోన్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఆ తర్వాత వేలితో తాకకండి. వేలి జిడ్డు మీదుగా కూడా కరెంటు పారుతుంది.

మందపాటి ఎలక్ట్రోడ్ల ప్లగ్‌లకు గ్యాప్ సాధారణంగా 0.016 నుంచి 0.021 అంగుళాలు. మీ ప్లగ్ నంబరుకి ఎంతో కంపెనీ పట్టికలో చూడండి. గుండ్రటి తీగ గేజ్‌తో కొలవండి. గ్యాప్ టూల్‌తో పక్క ఎలక్ట్రోడ్‌ని కొద్దికొద్దిగా లోపలికి నొక్కండి. నొక్కేటప్పుడు గేజ్‌ని మధ్యలో ఉంచితే ఒత్తిడి పింగాణీ మీద పడుతుంది. ఎక్కువ మూసుకుపోతే వెనక్కి వంచి తెరిచే ప్రయత్నం కూడా వద్దు.

మళ్లీ బిగించడం

చాలామంది తొందరలో వదిలేసేది స్థానం మార్చడం. మాగ్నెటో ఒకసారి పాజిటివ్, ఇంకోసారి నెగటివ్ కరెంటు ఇస్తుంది. అందుకని ఒకే చోట ఉన్న ప్లగ్‌కి ఎప్పుడూ ఒకే రకం వచ్చి, ఒకే ఎలక్ట్రోడ్ అరుగుతుంది. ఫైరింగ్ ఆర్డర్‌లో (సిలిండర్లు వంతులవారీగా మండే వరుసలో) తర్వాతి సిలిండర్‌కి, పైది కిందికి, కిందిది పైకి మార్చండి. నాలుగు సిలిండర్ల లైకమింగ్‌లో ఆర్డర్ 1-3-2-4 కాబట్టి 1వ సిలిండర్ పై ప్లగ్ 3వ దానిలో కిందికి వెళుతుంది. అరుగుదల రెండు ఎలక్ట్రోడ్లకీ పంచుకుని, సెట్టు ఎక్కువకాలం వస్తుంది.

కొత్త రాగి వాషర్ వేయండి. యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పూత) చాలా కొంచెం, మొదటి మర వదిలేసి తర్వాతి మరలకు మాత్రమే. చేత్తో చివరిదాకా తిప్పాకే టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) పట్టుకోండి. లైకమింగ్‌కి 35 ఫుట్-పౌండ్లు, కాంటినెంటల్‌కి 25 నుంచి 30.

కౌలింగ్ (ఇంజన్ మీది మూత) మూసే ముందు కేబుళ్లు వేడి ఎగ్జాస్ట్ గొట్టాలకు తగలడం లేదని చూడండి. తర్వాత రన్-అప్ చేసి రెండు మాగ్నెటోల డ్రాప్‌నీ, పారేసిన ప్లగ్ ఏ సిలిండర్‌దో, ఎందుకు పారేశారో కూడా లాగ్‌బుక్‌లో రాయండి. మరో 50 గంటలకు అదే సిలిండర్ మళ్లీ ఆయిల్ చూపిస్తే, పోల్చుకోవడానికి ఆ వాక్యమే కావాలి.