బడిలో తెలుగు మాస్టారు లేరా? ఢిల్లీని అడగాలా, భువనేశ్వర్‌నా?

మాది పర్లాకిమిడి పక్క ఊరు. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇవతల ఒడ్డున ఉన్నవాళ్ళం కాబట్టి మేము ఒడిశా, గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ, ఆఫీసుల్లో ఒడియా. మా బడిలో తెలుగు చెప్పే మాస్టారు రిటైరై వెళ్ళిపోయాక ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. పిల్లలు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు గానీ సొంత పేరు తెలుగులో రాయమంటే తల దించుకుంటారు. ఒక తల్లి "మా గుంటడికి వాళ్ళ తాత రాసిన ఉత్తరం చదవడం రాదండి" అని మీటింగులో ఏడ్చేసింది. ఆ రోజు తెలుగు మాస్టారి కోసం తిరగడం మొదలుపెట్టాం. మొదలుపెట్టడమే తప్పు చోట మొదలుపెట్టాం, నేరుగా ఢిల్లీకి అర్జీ పంపాం. నాలుగు నెలలకు జవాబొచ్చింది, ఇది రాష్ట్రం పని, అక్కడికి పంపుతున్నాం అని. ఇక్కడికొచ్చి అడిగితే రూల్స్ అన్నీ ఢిల్లీ నుంచి వస్తాయి, మా చేతిలో ఏముంది అన్నారు. ఇలా ఒక ఏడాది పోయింది. మీకు ఆ ఏడాది పోకూడదని ఇది రాస్తున్నాను. బరంపురం, గుణుపురం, రాయగడ, కోరాపుట్ వైపు ఉన్నవాళ్ళకీ ఇదే దారి.

ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకోవాలి. మొదట్లో చదువు చాలావరకు రాష్ట్రాల జాబితాలో ఉండేది. 1976లో 42వ సవరణతో దాన్ని ఉమ్మడి జాబితాలోకి మార్చారు, అప్పటి నుంచి కేంద్రమూ చట్టం చేయొచ్చు, రాష్ట్రమూ చేయొచ్చు. కాగితం మీద ఇద్దరిదీ. పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి పని వాళ్ళది. టీచర్ పోస్టు మంజూరు చేసేది, భర్తీ చేసేది, బదిలీ చేసేది, పాఠ్యపుస్తకం అచ్చు వేసేది రాష్ట్రం. విద్యాహక్కు చట్టం చేసింది కేంద్రం, 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. సమగ్ర శిక్ష (బడుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి ఖర్చు పెట్టే పథకం) డబ్బులో ఒడిశాకు కేంద్రం నూటికి 60 ఇస్తే రాష్ట్రం 40 వేస్తుంది, మధ్యాహ్న భోజనానికి కూడా దాదాపు అదే లెక్క. కాబట్టి మాస్టారు లేరంటే మొదట తట్టాల్సిన తలుపు బ్లాక్ ఆఫీసు, ఢిల్లీ కాదు. ఢిల్లీ దగ్గర పని ఉంది, కానీ అది తర్వాత.

ఇప్పుడు బడి ఎవరిదో చూడండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మన జిల్లాల్లో సగం అర్జీలు ఇక్కడే దారి తప్పుతాయి. అన్ని సర్కారు బడులూ ఒకే శాఖవి కావు. మామూలు బడులు పాఠశాల, జన విద్యా శాఖ కింద ఉంటాయి, వాటికి బీఈఓ (బ్లాక్ విద్యాధికారి), డీఈఓ (జిల్లా విద్యాధికారి). ఏజెన్సీ వైపు ఆశ్రమ బడులు, హాస్టల్ ఉన్న బడులు చాలావరకు ఎస్టీ, ఎస్సీ అభివృద్ధి శాఖవి, వాటికి వెల్ఫేర్ ఆఫీసర్లు వేరే ఉంటారు. నవోదయ, కేంద్రీయ విద్యాలయం కేంద్రానివి, ఏకలవ్య బడులకు డబ్బు కేంద్రానిది. గోడ మీద బోర్డు చదవండి, చాలకపోతే హెడ్ మాస్టారిని అడగండి, 11 అంకెల యూడైస్ కోడ్ (ప్రతి బడికీ సర్కారు ఇచ్చే గుర్తింపు సంఖ్య) కూడా రాసుకోండి. ఆ కోడ్ వేస్తే మీ అర్జీ ఏ బడి గురించో ఎవరూ తెలియనట్టు ఉండలేరు.

అసలు కీలకం మాతృభాష గడి. యూడైస్ ప్లస్ అనే బడుల ఆన్‌లైన్ రికార్డులో ప్రతి పిల్ల పేరు మీద మాతృభాష అని ఒక గడి ఉంటుంది. మా బడిలో అందరికీ ఒడియా అని నింపేసి ఉంది. ఎవరో కుట్ర చేశారని నేను అనను, నింపినవాళ్ళకు తొందర, అడిగేవాళ్ళు లేరు, అంతే. కానీ ఫలితం చూడండి. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క పెట్టింది, తరగతిలో 10 మంది గానీ బడి మొత్తంలో 40 మంది గానీ ఆ భాష పిల్లలుంటే ప్రాథమిక స్థాయిలో ఆ భాషకు టీచర్‌ని ఇవ్వాలని. దాన్నే 10-40 లెక్క అంటారు. మా బడిలో తెలుగు ఇళ్ళ పిల్లలు నలభై దాటారు, రికార్డులో మాత్రం సున్నా. సున్నా మందికి మాస్టారిని ఎవరిస్తారు? కనుక అర్జీ రాయకముందే బడికి వెళ్ళి ఆ గడి చూపించమని అడగండి. తప్పుంటే ప్రతి తల్లిదండ్రుల చేతా ఒక్కో చిన్న కాగితం రాయించండి, "మా అమ్మాయి ఫలానా, తరగతి ఫలానా, మాతృభాష తెలుగు, రికార్డులో సరిచేయండి" అని, సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టించి, తీసుకున్నట్టు నకలు మీద హెడ్ మాస్టారి సంతకం తీసుకోండి. అడ్మిషన్ ఫారం నింపేటప్పుడే సరిగ్గా రాయిస్తే ఈ తిప్పలే ఉండవు. కొందరు తెలుగు అని రాస్తే పిల్లకి నష్టమేమోనని భయపడతారు, మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు భయపడ్డారు, వాళ్ళ ఇంటికెళ్ళి కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది. తల్లి భాష రాస్తే ఒడిశా పిల్ల కాకుండా పోదు.

తర్వాత బడి కమిటీ. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఎస్ఎంసీలో, అంటే బడి యాజమాన్య కమిటీలో, నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు. అంటే ఆ కమిటీ మనదే, మనం వెళ్ళకపోవడం వల్ల మనది కాకుండా పోయింది. మీటింగులో తెలుగు టీచర్ కావాలని తీర్మానం పెట్టించి మినిట్స్ పుస్తకంలో రాయించండి. పిల్లల సంఖ్య, తరగతుల వారీగా, తీర్మానంలోనే ఉండాలి. ఫోన్‌తో ఆ పేజీ ఫోటో తీసుకోండి.

అప్పుడు బీఈఓకి అర్జీ. ఒడియాలో రాయించడం మంచిది, రాసేవాళ్ళు లేకపోతే పెద్ద తరగతుల పిల్లల్లో ఒకరిని కూర్చోబెట్టండి, వాళ్ళు చక్కగా రాస్తారు. ఒక పేజీ చాలు. మన కష్టాల కథ అంతా రాయొద్దు. పిల్లలు ఎంతమంది, పోస్టు ఎప్పటి నుంచి ఖాళీ, ఏం కావాలి, అంతే. విద్యాహక్కు చట్టం మాట రెండు వాక్యాలు చేర్చండి: 29వ సెక్షన్ ప్రకారం బోధన సాధ్యమైనంత వరకు పిల్లల మాతృభాషలో ఉండాలి, 32వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక ఫిర్యాదుపై స్థానిక అధికారి మూడు నెలల్లో తేల్చాలి. "సాధ్యమైనంత వరకు" అన్న మాటను అవతలివాళ్ళు పట్టుకుంటారు, అందుకే పిల్లల లెక్క ముందు చేతిలో ఉండాలన్నాను. పాఠ్యపుస్తకాల ఇండెంట్ (ఎన్ని కావాలో బడి పైకి పంపే జాబితా) గురించి కూడా అందులోనే అడగండి, మాస్టారు వచ్చి పుస్తకాలు రాకపోతే మళ్ళీ మొదటికి వస్తాం. డైరీ నంబరు (అర్జీ అందిందని ఆఫీసు వేసే నంబరు) లేకుండా అర్జీ ఇచ్చి రావొద్దు. కదలకపోతే డీఈఓ, ఆ తర్వాత కలెక్టర్ గ్రీవెన్స్ (ఫిర్యాదులు వినే కార్యక్రమం), ఒడిశా సర్కారు ఫిర్యాదుల పోర్టల్ జన శుణాణిలో కూడా వేయండి. నలుగురైదుగురు తల్లులు కలిసి గ్రీవెన్స్‌కి వెళ్తే వినే తీరు వేరుగా ఉంటుంది, ఇది నేను కళ్ళారా చూశాను.

మూడు నెలలైనా జవాబు లేకపోతే సమాచార హక్కు (ఆర్టీఐ). ఒడిశాలో 'ఫారం-ఎ' (Form A) నింపాలి, ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటించొచ్చు. ఎందుకు టీచర్‌ని ఇవ్వలేదు అని అడగకండి, ఎందుకు అన్న ప్రశ్నను పక్కన పెట్టేస్తారు. కాగితం అడగండి. మా బ్లాకులో మంజూరైన తెలుగు టీచర్ పోస్టులు ఎన్ని, ఎన్ని ఖాళీ, ఏ తేదీ నుంచి, ఖాళీల గురించి పైకి పంపిన ఉత్తరాల నకళ్ళు, తెలుగు పుస్తకాల ఇండెంట్ నకలు. 30 రోజుల్లో ఇవ్వాలి. మాకు వచ్చిన జవాబులో ఖాళీ గురించి పైకి ఒక్క ఉత్తరం కూడా వెళ్ళలేదని తేలింది. ఆ కాగితం పట్టుకుని మళ్ళీ గ్రీవెన్స్‌కి వెళ్తే పని కదిలింది.

ఇదంతా చేశాక ఢిల్లీ. రాజ్యాంగంలో 350ఏ అని ఒక అధికరణం ఉంది, రాష్ట్రాలు భాషల వారీగా విడిపోయిన 1956లో 7వ సవరణతో చేర్చారు. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలి, అందుకోసం ఏ రాష్ట్రానికైనా రాష్ట్రపతి ఆదేశాలు ఇవ్వొచ్చు అని దాని సారం. పక్కనే 350బీ. దాని కింద భాషా మైనారిటీల కమిషనర్ ఉంటారు, ఇప్పుడు కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ కింద. ఆయన నివేదికలను రాష్ట్రపతి పార్లమెంటు ముందు పెట్టించి రాష్ట్రాలకు పంపాలి. మనం ఆయనకు రాయొచ్చు. మైనారిటీ అంటే మతం గురించే అనుకునేవాళ్ళు మనలో చాలామంది. భాషా మైనారిటీ అనేది రాష్ట్రం వారీగా లెక్కేస్తారని సుప్రీంకోర్టు 2002లో టీఎంఏ పాయ్ కేసులో చెప్పింది, కాబట్టి దేశంలో ఎన్ని కోట్ల మంది తెలుగువాళ్ళున్నా ఒడిశాలో మనం మైనారిటీయే. కమిషనర్ సిఫారసు చేస్తారు గానీ హుకుం వేయలేరు, అందుకే ఉత్తరం వెంట కింద తిరిగిన కాగితాలన్నీ జత చేయాలి: తీర్మానం, బీఈఓ అర్జీ, డైరీ నంబరు, ఆర్టీఐ జవాబు. మేము మొదటిసారి ఇవేవీ లేకుండా పంపాం కాబట్టే తిరిగొచ్చింది.

ఇక్కడ నా మనసులో మాట చెప్పాలి. చదువులో కేంద్రం వేలు పెట్టొచ్చా కూడదా అని పెద్ద గొడవ నడుస్తోంది కదా. పీఎం శ్రీ (ఎంచుకున్న బడులను మెరుగుపరిచే కేంద్ర పథకం) ఒప్పందం మీద సంతకం పెట్టలేదని సమగ్ర శిక్ష డబ్బు ఆపేశారంటూ తమిళనాడు 2025లో సుప్రీంకోర్టుకెళ్ళింది. అదే ఏడాది మహారాష్ట్రలో ఒకటో తరగతి నుంచి హిందీ అనేసరికి జనం లేచారు, జూన్‌లో ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకున్నారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న మన చుట్టాలు కేంద్రం జోక్యం వద్దంటారు, వాళ్ళ వైపు నుంచి చూస్తే నిజమే, వాళ్ళ భాషకు వాళ్ళ రాష్ట్రం ఉంది. నది దాటి ఇవతలికి వస్తే అదే మాట తిరగబడుతుంది. ఇక్కడ రాష్ట్రం మన భాషది కాదు. రాష్ట్రం ఒక్కటే అంతా చూసుకోవాలంటే సంఖ్యలో తక్కువున్న మన పిల్లలు ఎవరికీ గుర్తుకు రారు, మహారాష్ట్రలోని సిరొంచలో ఉన్న తెలుగువాళ్ళకూ అంతే, ఆంధ్రలో ఉన్న ఒడియా పిల్లలకూ అంతే. అమెరికాలోనూ ఇదే చర్చ ఉంది. అక్కడ రాజ్యాంగంలో చదువు మాటే లేదు, బడులు రాష్ట్రాలవి, అయినా నల్లజాతి పిల్లల్ని బడి గుమ్మం దగ్గర రాష్ట్రమే ఆపినప్పుడు 1957లో లిటిల్ రాక్‌కి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యాన్ని పంపాల్సి వచ్చింది. ఇప్పుడు అక్కడ కేంద్ర విద్యాశాఖను మూసేసే పని మొదలుపెట్టమని 2025 మార్చిలో ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. అది తప్పని నా అభిప్రాయం. మన దగ్గర కూడా, ఒప్పందం పేరు చెప్పి పిల్లల డబ్బు ఆపడం అన్యాయం, కానీ 350ఏ కింద ఉన్న అధికారాన్ని వాడకుండా ఊరుకోవడం కూడా అన్యాయమే. కేంద్రం ఏ పుస్తకం చదవాలో చెప్పక్కర్లేదు. తక్కువ మంది ఉన్నారని ఏ పిల్లనీ వదిలేయకుండా చూస్తే చాలు.

అధికారుల దగ్గర ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: ఒడియా రాకపోతే మీ పిల్లలకు ఇక్కడ ఉద్యోగాలెలా వస్తాయి? కోపం తెచ్చుకోవద్దు, మంచి ప్రశ్నే. ఒడియా వద్దని మేము అనడం లేదు, రెండూ కావాలంటున్నాం అని చెప్పండి. ఇదే ఒడిశా సవర, కుయి, కోయ లాంటి 21 గిరిజన భాషల్లో చిన్న తరగతులకు చదువు చెప్పిస్తోంది, ఆ పని చూసి మేము గర్వపడుతున్నాం, మా పిల్లలకూ ఆ మనసే చూపించండి అని అడగండి. గజపతి జిల్లాలో ఈ మాట పనిచేస్తుంది, సవర పల్లెల గురించి ఆ ఆఫీసుల్లో అందరికీ తెలుసు.

ఇంత తిరగలేక పిల్లల్ని పాతపట్నానికో ఇచ్ఛాపురానికో పంపేస్తున్నవాళ్ళున్నారు. పంపేముందు కులం సర్టిఫికెట్ సంగతి కనుక్కోండి, రెండు రాష్ట్రాల జాబితాలు ఒకటి కావు, ఇక్కడ వచ్చేది అక్కడ రాకపోవచ్చు. లోకల్ అనిపించుకోవడానికి అక్కడ వరుసగా ఎన్నేళ్ళు చదివి ఉండాలో కూడా అడగండి. టీసీ విద్యాహక్కు చట్టం ప్రకారం వెంటనే ఇవ్వాలి, ఆలస్యం చేయడానికి వీల్లేదు.

మా బడిలో మాతృభాష గడి సరిచేశారు, ఖాళీ గురించి ఉత్తరం పైకి వెళ్ళింది, మాస్టారు ఇంకా రాలేదు. ఈలోగా శనివారం సాయంత్రాలు రిటైరైన మాస్టారే అరుగు మీద కూర్చుని అక్షరాలు దిద్దిస్తున్నారు. కమిషనర్‌కి రెండో ఉత్తరం సిద్ధంగా ఉంది, ఈసారి జతకాగితాలు పదకొండు. మీ బడిలో ఆ గడి ఎలా నింపారో ఈ వారమే వెళ్ళి చూడండి.