చౌక రెయిడ్ కార్డును లినక్స్‌లో వాడుకునే పద్ధతి

తక్కువ ధరకు దొరికే రెయిడ్ (అనేక డిస్కులను ఒకే సమూహంగా కలిపి వాడే పద్ధతి) కార్డు డబ్బా మీద ఏమి రాసి ఉన్నా, లోపల సాధారణంగా ఉండేవి డిస్కులను తగిలించే సాటా పోర్టులనిచ్చే ఒక చిప్పు, కంప్యూటర్ మొదలయ్యే వేళకు పనికివచ్చే ఒక చిన్న బయోస్ ప్రోగ్రాము మాత్రమే. డిస్కులను జతపరచడం, పారిటీ (డిస్కు పోతే డేటాను తిరిగి రాబట్టే అదనపు సమాచారం) లెక్కించడం వంటి అసలు పని డ్రైవర్ ద్వారా మీ ప్రాసెసర్ మీదనే పడుతుంది. అందుకే లినక్స్ వాడేవారు వీటిని ఫేక్ రెయిడ్ అంటారు. పేరు కటువుగా ఉన్నా కార్డు దండగ కాదు. దానిని కేవలం పోర్టులు పెంచే కార్డుగా వాడుకొని, రెయిడ్ బాధ్యతను కెర్నెల్ (లినక్స్ మూలభాగం)లోనే ఉండే ఎండీ అనే రెయిడ్ డ్రైవర్‌కు అప్పగించడం మేలు. అప్పుడు కార్డు పాడైనా, డిస్కులను మరో లినక్స్ యంత్రానికి తగిలిస్తే సమూహం మళ్లీ లేస్తుంది.

మీ కార్డు ఏ రకమో తెలుసుకోవడం తేలిక. బయోస్‌లో రెండు డిస్కులను మిర్రర్‌గా (ఒకే డేటా రెండింటిలోనూ ఉండేలా) కలిపిన తరువాత కూడా లినక్స్‌కు అవి రెండూ విడివిడిగా కనిపిస్తుంటే అది ఫేక్ రెయిడే. విండోస్‌తో కలిపి అదే సమూహాన్ని పంచుకోవలసి వచ్చినప్పుడు మాత్రం బయోస్ అమరికను ఉంచవచ్చు. ఇంటెల్ పద్ధతిని ఎండీ సమూహాలను నిర్వహించే ఎండీఏడీఎం ప్రోగ్రాము నేరుగా అర్థం చేసుకుంటుంది. పాత సిలికాన్ ఇమేజ్, ప్రామిస్ కార్డుల అమరికలను చదివే డీఎంరెయిడ్ అనే ప్రోగ్రాము అభివృద్ధి ఎన్నడో ఆగిపోయింది కనుక, కొత్తగా దాని జోలికి వెళ్లకండి.

ముందుగా డేటాను వేరే చోటికి నకలు తీసి, కార్డు బయోస్‌లోని సమూహాన్ని తొలగించండి. ఈ కార్డులు తమ గుర్తులను ఎక్కువగా డిస్కు చివరన రాస్తాయి. పార్టిషన్లు మార్చినంత మాత్రాన అవి పోవు, తరువాత ఇన్‌స్టాలర్‌ను తికమక పెడతాయి. వైప్‌ఎఫ్ఎస్‌తో వాటిని చెరిపివేయండి. ఈ ఆదేశం ఇచ్చేముందు డిస్కును సీరియల్ నంబరుతో పోల్చి చూసుకోండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లు రీబూట్‌తో తారుమారు కావచ్చు. తరువాత ప్రతి డిస్కులోనూ చివర 100 మెగాబైట్లు వదిలి పార్టిషన్ చేయండి. రేపు మార్చబోయే డిస్కు అదే సైజు అని చెప్పినా కొద్దిగా చిన్నది కావచ్చు. ఆ పార్టిషన్లతో ఎండీఏడీఎం ద్వారా సమూహాన్ని సృష్టించి, బిట్‌మ్యాప్‌ను (ఏ భాగాలు మారాయో గుర్తుంచుకునే పట్టికను) కూడా చేర్చి, దాని వివరాలను కాన్ఫిగరేషన్ ఫైలులో నమోదు చేసి, బూట్ మొదట్లో వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను తిరిగి తయారుచేయండి.

వేగం విషయంలో స్లాటే హద్దు. పాత పీసీఐ స్లాటు మొత్తానికి సెకనుకు 133 మెగాబైట్లే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ రెండవ తరం ఒంటి లేనుకు లెక్క ప్రకారం 500. నాలుగు డిస్కులు కలిసి చదివే పునర్నిర్మాణ సమయంలో ఒక్కొక్కదానికి 125 కూడా దక్కదు.

ఎక్కువమంది దెబ్బతినేది మాత్రం టైమౌట్ దగ్గర. డెస్క్‌టాప్ డిస్కు చెడిన సెక్టారును చదవడానికి ఒక్కోసారి నిమిషానికి పైగా తంటాలు పడుతుంది. కెర్నెల్ 30 సెకన్లు చూసి లింకును రీసెట్ చేస్తుంది. అప్పటికీ డిస్కు పలకకపోతే ఎండీ దానిని చెడినదిగా భావించి సమూహం నుండి తప్పిస్తుంది. ఒక్క సెక్టారు లోపానికి డిస్కు మొత్తం పోయినట్లవుతుంది! స్మార్ట్‌సీటీఎల్ ఆదేశంతో ఎస్‌సీటీ ఈఆర్‌సీ (లోపాన్ని సరిచేసే ప్రయత్నానికి డిస్కు పెట్టుకునే గడువు) విలువను 70గా, అంటే 7 సెకన్లుగా పెట్టండి. డిస్కు దానికి ఒప్పుకోకపోతే, కెర్నెల్ టైమౌట్‌నే 180 సెకన్లకు పెంచండి. కెర్నెల్ టైమౌట్ రీబూట్‌తోనే పాత విలువకు మారుతుంది, డిస్కులోని అమరిక కూడా కరెంటు తీస్తే సాధారణంగా నిలవదు కాబట్టి, బూట్ సమయంలో నడిచే స్క్రిప్టులో రెండింటినీ రాయాలి.

నెలకొకసారి సమూహాన్ని ఆసాంతం తనిఖీ చేయించండి. డెబియన్‌లో ఇది ముందే అమర్చి ఉంటుంది. డేటా ఎక్కించక ముందే యంత్రాన్ని ఆపి, ఒక డిస్కు కేబుల్ తీసి బూట్ చేసి చూడండి. మిగిలిన డిస్కులతో అది లేచిందా, హెచ్చరిక మెయిల్ మీకు చేరిందా గమనించి, యంత్రాన్ని మళ్లీ ఆపి, కేబుల్ తగిలించి, ఆ డిస్కును సమూహంలోకి తిరిగి చేర్చండి. బిట్‌మ్యాప్ ఉన్నందున మారిన భాగాలు మాత్రమే సరిచేయబడతాయి.